హెచ్‌డీఆర్ ఫోటో పెయింటింగ్‌లా వస్తోందా? తేడా ఎక్కడుందో చూద్దాం

సమస్య: కొండ అంచు వెంట, చెట్ల చుట్టూ తెల్లగా మెరుస్తున్న పట్టీ.

హెచ్‌డీఆర్ అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగుల్లో తీసి ఒకే ఫోటోగా కలపడం. దాంట్లో చిరాకు పుట్టించేది ముందుగా ఇదే. చీకటిగా ఒకటి, మామూలుగా ఒకటి, వెలుతురుగా ఒకటి తీసి కలిపాక వచ్చే వెలుగు తేడా అంతా మామూలు స్క్రీన్‌లో పట్టదు కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని కుదిస్తుంది. టోన్ మ్యాపింగ్ అంటే అదే. ప్రతిచోటా చుట్టుపక్కల సగటు వెలుగు ఎంతుందో చూసి, తక్కువుంటే లేపుతుంది, ఎక్కువుంటే దించుతుంది. నల్లటి కొండను ఆనుకుని ఉన్న ఆకాశం దగ్గరికి వచ్చేసరికి కొండ చీకటి కూడా ఆ సగటులో కలిసిపోతుంది, దాంతో లేపక్కర్లేని ఆకాశాన్ని కూడా లేపేస్తుంది. ఆ పట్టీ అలా వచ్చిందే.

పరిష్కారం: స్ట్రెంగ్త్, క్లారిటీ స్లైడర్లను బాగా వెనక్కి లాగండి, 100 శాతం జూమ్‌లో అంచు చూస్తూ లాగండి. అయినా పోకపోతే చీకటి ఫ్రేమ్‌లోని ఆకాశాన్ని మాస్క్‌తో (ఎంచుకున్న భాగం మాత్రమే కనిపించేలా చేసే పొర) విడిగా అతికించండి. ఇదేమీ దొంగతనం కాదు, 1850ల్లోనే ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే అనే ఫోటోగ్రాఫర్ సముద్రానికో నెగటివ్, ఆకాశానికో నెగటివ్ వాడి ప్రింట్లు వేశాడు.

సమస్య: అన్నీ కనిపిస్తున్నాయి, కానీ ఫోటో చప్పగా ఉంది.

నీడల్ని పూర్తిగా పైకి, హైలైట్స్‌ని పూర్తిగా కిందికి లాగితే అన్నీ మధ్యలోకొచ్చి చేరతాయి. చీకటి గదిలోంచి కిటికీ బయటికి తీశారనుకోండి, గోడ కూడా బయటి ఎండంత వెలుగుతుంటే అది ఎండని కన్ను ఒప్పుకోదు. నన్నడిగితే హెచ్‌డీఆర్ అందమంతా బయటి ఆకాశం తెల్లగా మాడిపోకుండా ఉంటూనే గది గదిలా చీకటిగా ఉండటంలోనే ఉంది.

పరిష్కారం: షాడోస్ కొంచెం దించి, బ్లాక్స్ కిందికి లాగండి. మంచం కింద చీకటిగా ఉంటే ఉండనివ్వండి. రంగులు కళ్ళు పొడుస్తుంటే శాచురేషన్ కూడా తగ్గించండి.

సమస్య: నడిచే మనిషి రెండుసార్లు, ఆకులు అలికినట్టు.

ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య వాళ్ళు కదిలారు, అంతే. సాఫ్ట్‌వేర్‌లో డీఘోస్టింగ్ ఆన్ చేయండి, కదిలిన చోట అది ఒకే ఫ్రేమ్‌ని వాడుతుంది. గాలి మరీ ఎక్కువగా ఉంటే కలపడం మానేసి ఒకే రా ఫైల్‌తో (సెన్సర్ పట్టిన సమాచారాన్ని కెమెరా మార్చకుండా దాచే ఫైల్) సరిపెట్టుకోండి.

సమస్య: నీడల్లో ఇసుక చల్లినట్టు నాయిస్.

వెలుతురు ఫ్రేమ్‌కి తగినంత వెలుగు అందలేదు. −2, 0, +2 స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు లేదా సగం) సరిపోకపోతే ఇంకో ఫ్రేమ్ +4 దగ్గర తీయండి. ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 100 దగ్గరే ఉంచి షట్టర్ స్పీడ్ మాత్రమే మార్చండి, అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ముట్టుకుంటే ఫోకస్‌లో ఉండే లోతు ఫ్రేమ్‌కోలా మారిపోతుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ కూడా ఆపేయండి, లేకపోతే రంగు ఛాయ ఫ్రేమ్‌కోలా మారొచ్చు. ట్రైపాడ్ ఎలాగూ తప్పదు.