ఏసీ ఆగిపోయిందా? ముందు గాలి ఎటు నుంచి వీస్తోందో చూడండి

సరిగ్గా రోహిణి కార్తెలో మా ఒంగోలు ఇంట్లో ఏసీ మొరాయించింది. మెకానిక్ మూడు రోజులకు గాని రానన్నాడు. ఆ మూడు రోజులూ ఇల్లే మాకు పాఠం చెప్పింది.

సమస్య: కిటికీలన్నీ తెరిచినా ఇల్లు ఇంకా కాగుతోంది.

కారణం పడమటి గాలి. నేల మీదుగా కాగి వచ్చే పొడిగాలి అది. బయట 43 డిగ్రీలున్నప్పుడు కిటికీ తెరవడమంటే వడగాలిని ఇంట్లోకి పిలవడమే. తెల్లవారుజామున అన్నీ బార్లా తెరిచి, తొమ్మిదికల్లా మూసేయండి. పడమటి కిటికీకి నీడ బయటి నుంచి ఉండాలి, తాటాకు తడికైనా పాత దుప్పటైనా సరే. లోపల కర్టెన్ వేసేసరికి ఎండ అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. దక్షిణపు కిటికీ గురించి అంత బెంగ అక్కర్లేదు. మే నడిమి నుంచి జూలై దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు.

మధ్యాహ్నం దాటాక మిద్దె మీద ఆరేసిన బట్టలను గమనించండి. అవి పడమరకు ఎగరడం మొదలైతే సముద్రపు గాలి వచ్చినట్టు. అప్పుడు తూర్పు కిటికీ, దానికి ఎదురుగా మరొకటి తెరవండి. పడమటి గాలి బలంగా ఉన్న రోజు ఆ గాలి చీకటి పడినా రాదు. ఏం చేస్తాం!

సమస్య: కూలర్ పెట్టినా ఒళ్ళంతా జిడ్డు.

మూసిన గదిలో కూలర్ పెడితే తేమంతా అక్కడే ఉండిపోతుంది. కూలర్ వీపు కిటికీకి ఆనించి, ఎదురు తలుపు ఓరగా తెరిచి ఉంచండి. ఉదయగిరి వైపు పొడి ఎండల్లో కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కొత్తపట్నం వంటి తీరపు ఊళ్ళలో అంతంతమాత్రమే. సముద్రపు గాలి తిరిగాక నీళ్ళ పంపు ఆపి, ఫ్యాను మాత్రం తిరగనివ్వండి.

సమస్య: రాత్రి పది దాటినా ఫ్యాను వేడిగాలే కొడుతోంది.

తప్పు ఫ్యానుది కాదు, శ్లాబుది. పగలంతా తాగిన ఎండను అది రాత్రి కక్కుతుంది. పొద్దువాలాక మిద్దె మీద గోనె సంచులు పరిచి తడపండి. ఉత్త శ్లాబు మీద పోసిన నీళ్ళు తూముకే పోతాయి, వేసవిలో మనకు అంత నీటి భాగ్యం లేదు. వేసవికి ముందే మిద్దెకు తెల్ల సున్నం కొట్టించి ఉంటే ఈ పాట్లు సగం తప్పేవి. మేము కొట్టించలేదు.

సమస్య: ఫ్యానే నీరసంగా తిరుగుతోంది.

వోల్టేజీ సరిగా ఉంటే చాలాసార్లు కండెన్సర్ పోయినట్టే. ఎలక్ట్రీషియన్‌కు చిన్న పని.

సమస్య: మనిషి ఒళ్ళు కాలిపోతోంది, మాట తడబడుతోంది.

ఇది వడదెబ్బ. వెంటనే 108కి ఫోను చేయండి. వాహనం వచ్చేలోపు నీడలో పడుకోబెట్టి, ఒంటి మీద నీళ్ళు చల్లుతూ విసరండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్ళు పోయకండి.