లక్ష దాటిన గ్రాఫిక్స్ కార్డు కొనాలనుకునేవాళ్ళు ముందు ఇవి చూసుకోండి

నెల్లూరు, కావలి, ఒంగోలు సైడు పిసి కట్టించుకునే పిల్లోళ్ళు ఇప్పుడు అడిగేది ఒకటే, అన్నా రేట్లు ఇంకా పెరుగుతాయంట గదా, అప్పో సప్పో చేసి ఇప్పుడే ఎన్విడియా కంపెనీ 5080 గ్రాఫిక్స్ కార్డు తీసేసుకుందామా అని. నా మాట ముందే చెప్పేస్తా. మీ దగ్గర 4కె (బాగా ఎక్కువ రిజల్యూషన్) మానిటర్ లేకపోతే, ఆ కార్డు మీద నాలుగు రూపాయలు సంపాదించే పని కూడా లేకపోతే, లక్ష దాటిన కార్డు కొనబాకండి.

రేట్లు పెరిగిన మాట నిజమే. 2017లో గేమర్లు ఎగబడి కొన్న 1080 టీఐ కార్డు 699 డాలర్లు, 2022లో వచ్చిన 4090 1,599 డాలర్లు, 2025 జనవరిలో దిగిన 5090 1,999 డాలర్లు. మన దేశంలో 5090కి లాంచ్‌లో కంపెనీ చెప్పిన స్టార్టింగ్ రేటే 2,14,000 రూపాయలు, 5080కి 1,07,000. ఇదంతా ఎందుకు పెరిగిందంటే ఆ కంపెనీకి మనం ఇప్పుడు పెద్ద కస్టమర్లం కాదబ్బా. ఎన్విడియాకి 2025 ఆర్థిక సంవత్సరంలో డేటా సెంటర్ల మీద వచ్చింది దగ్గర దగ్గర 11,500 కోట్ల డాలర్లు, గేమింగ్ మీద వచ్చింది 1,100 కోట్ల పైచిలుకు. అదీగాక 2025 ఆఖర్లో ఏఐ వాళ్ళ గిరాకీకి మెమరీ చిప్పుల రేట్లు కూడా ఎగిరినాయి, కార్డులో ఉండేదీ మెమరీనే గదా.

సరే, ఇప్పుడు ఎట్టా తేల్చుకోవాలి? ముందు మానిటర్ చూడండి, కార్డు తర్వాత. 1080పి స్క్రీన్ మీద సుమారు 20 లక్షల పిక్సెళ్ళు (బొమ్మ చుక్కలు) ఉంటాయి, 1440పి మీద 37 లక్షలు, 4కె మీద 83 లక్షలు. కార్డు చేసే పని ఎక్కువగా ఈ లెక్కన పెరుగుతుంది కాబట్టి 1080పి 75 హెర్ట్జ్ మానిటర్ పెట్టుకోని 5080 కొంటే అది సగం బలం కూడా వాడకుండా కూర్చుంటుంది, సెకనుకి 200 ఫ్రేములు, అంటే బొమ్మలు, తీసినా స్క్రీన్ చూపించేది 75 మాత్రమే. ఇట్టాంటోళ్ళు ముందు 1440పి 144 హెర్ట్జ్ మానిటర్ మార్చుకుంటే కంటికి తేడా వెంటనే తెలుస్తుంది, ఖర్చు కూడా కార్డులో నాలుగో వంతు ఉండదు.

తర్వాత మీ గేమ్ అసలు కార్డు దగ్గర ఆగుతుందా, ప్రాసెసర్ దగ్గర ఆగుతుందా చూడాలి. దీనికి షాపుకి పోనక్కర్లా. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోని, వీసింక్ (ఫ్రేముల్ని స్క్రీన్ వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆపేసి, ఎఫ్‌పిఎస్ (సెకనుకి ఫ్రేముల) లిమిట్ తీసేసి, మీరు రోజూ ఆడే గేమ్ పెట్టి జీపీయూ యూసేజ్, అంటే కార్డు ఎంత శాతం పనిచేస్తుందో చూడండి. 95 శాతం పైన నిలబడుతుంటే కార్డుకే భారం ఎక్కువైందని. 50, 60 మధ్య ఊగుతుంటే రిజల్యూషన్ బాగా తగ్గించి మళ్ళీ చూడండి, అప్పుడు కూడా ఫ్రేములు పెరగలేదంటే అడ్డం పడేది ప్రాసెసరే, మీరు రెండు లక్షల కార్డు పెట్టినా అంతే. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్ళకి ఎక్కువగా ఇదే కథ.

పెద్ద కార్డుల్లో ఇంకో సంగతి ఉంది. 5080లో కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు) 10,752, 5090లో 21,760, రేటు కూడా రెట్టింపు, కానీ గేముల్లో ఫ్రేములు మాత్రం రెట్టింపు రావు. మల్టీ ఫ్రేమ్ జనరేషన్‌తో నాలుగింతలు వస్తాయని బాక్స్ మీద చూసి పొంగిపోబాకండి, మధ్యలో కల్పించి దూర్చే ఫ్రేములు చూడ్డానికి స్మూత్‌గా ఉంటాయి గానీ మీరు మౌస్ కదిపితే స్పందించే వేగం దాంతో పెరగదు. అసలు ఫ్రేములు 30 దగ్గరే ఉంటే మౌస్ కదిపితే బరువుగానే అనిపిస్తుంది.

మన జిల్లాల్లో కరెంటు, ఎండ సంగతి వేరే చూసుకోవాలి, దీన్ని ఎవరూ సరిగ్గా పట్టించుకోరు. 5090 ఫుల్ లోడ్‌లో 575 వాట్లు లాగుతుంది, 5080 అయితే 360, చిన్న కార్డు 5060 టీఐ 180. ఇళ్ళల్లో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేదే 360 వాట్లు, దాని మీద 5080తో గేమ్ నడుపుతుంటే కరెంటు పోయిన క్షణమే పిసి కూడా పోతుంది, సేవ్ కాని పని మొత్తం పోతుంది. కార్డుతో పాటు మంచి పవర్ సప్లై, పెద్ద యూపీఎస్ ఖర్చు కూడా కలిపి లెక్క రాసుకోండి. రోజుకి 4 గంటలు ఆడితే 5090కి, 5060 టీఐకి నెలకి 47 యూనిట్ల దాకా తేడా వస్తుంది, అది మీ బిల్లుని పై స్లాబులోకి నెట్టేస్తే ఇంట్లో ఎవరు కడుతున్నారో వాళ్ళు అడుగుతారు. ఆ వాట్లన్నీ చివరికి వేడిగా గదిలోకే వస్తాయి, రోహిణి కార్తెలో తలుపులేసుకోని ఏసీ లేకుండా ఆడటం మాటలు కాదు. చీమకుర్తి లాంటి దుమ్ము ఎక్కువుండే చోట అయితే ఫ్యాన్లు, ఫిల్టర్లు తరచూ దులపాలి, లేకపోతే ఎంత పెద్ద కార్డైనా వేడెక్కి స్పీడు తగ్గించుకుంటుంది.

ఎవరికి నిజంగా పనికొస్తుందంటే, 4కెలో సైబర్‌పంక్ లాంటివి రే ట్రేసింగ్ (వెలుగునీడలు నిజంలా చూపించేది) పెట్టి ఆడేవాళ్ళకి, బ్లెండర్‌లో 3డీ బొమ్మలు రెండరింగ్ చేసేవాళ్ళకి, ఇంట్లో పెద్ద ఏఐ మోడళ్ళు నడిపేవాళ్ళకి. 5090లో 32 జీబీ మెమరీ ఉంది, ఆ పనికి అదే ముఖ్యం. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే అన్నలకి 5070 టీఐ చాలు, దాంట్లోనూ 16 జీబీ ఉంది.

మిగతావాళ్ళకి నేను చెప్పేది 16 జీబీ ఉన్న ఏఎండీ కంపెనీ 9060 ఎక్స్‌టీ గానీ 5060 టీఐ గానీ. లాంచ్‌లో ఒకటి 349 డాలర్లు, ఇంకోటి 429. జాగ్రత్త, రెండిటికీ అదే పేరుతో 8 జీబీది కూడా ఉంది, రేటు తక్కువని అది అంటగడతారు, కొత్త గేముల్లో టెక్స్చర్ల (గేములో వస్తువుల పైపూత) క్వాలిటీ పెంచగానే ఆ 8 జీబీ నిండిపోయి ఆట జెర్కులు కొడుతుంది. బాక్స్ మీద అంకె మీ కళ్ళతో చదివి తీసుకోండి.

కొనడానికి నెల్లూరోళ్ళు పినాకిని రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోవడం మామూలే, కొందరు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోతారు. ఊళ్ళో షాపు రేటు, ఆన్‌లైన్ రేటు, రిచీ స్ట్రీట్ రేటు మూడూ ఒకే రోజు ఫోన్లో అడిగి చూడండి, వెయ్యి, పదిహేను వందల తేడా అయితే ఊళ్ళోనే తీసుకోండి, రేపు వారంటీకి తిరగాల్సింది మీరే. 18 శాతం జీఎస్టీ తగ్గిస్తాం బిల్లు వద్దు అంటే ఒప్పుకోబాకండి, బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. సెకండ్ హ్యాండ్ అయితే మీ ముందే 20 నిమిషాలు గేమ్ నడిపించి, స్క్రీన్ మీద చుక్కలు, గీతలు పడుతున్నాయా, ఫ్యాన్లు గరగరమంటున్నాయా చూసి, స్క్రూల మీద వారంటీ స్టిక్కర్ చిరిగిందేమో గమనించి అప్పుడు డబ్బులియ్యండి.

ఇంతా చూసుకున్నాక కూడా పెద్ద కార్డే కావాలనుకుంటే, బిగించేటప్పుడు ఆ సన్న పిన్నుల పవర్ కనెక్టర్ దగ్గర తొందరపడబాకండి. 4090 వచ్చినప్పటి నుంచీ అవి కరిగిన కేసులు ఉన్నాయి. సందు కనపడకుండా లోపలికంటా నొక్కి, కేబుల్‌ని మొదట్లోనే వంచకుండా కాస్త దూరం నిటారుగా పోనిచ్చి, కేస్ సైడు ప్యానెల్ దాన్ని ఒత్తడం లేదని చూసుకున్నాకే స్విచ్ వెయ్యండి.