మొదటి ఓడ మోడల్ మధ్యలో ఆగిపోయిందా? లోపం ఎక్కడుందో ఇలా వెతకండి

ఓడ మోడల్ మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్ళని కదిపితే ఎక్కువమంది చెప్పేది ఒకటే: "నా చేతికి అంత పనితనం లేదండీ." అది నిజం కాదు. ఈ పనిలో లోపం కనిపించే చోటు వేరు, పుట్టే చోటు వేరు. ఓడ ఒంటికి అతికించే సన్నటి చెక్క బద్ద లేచిందంటే దాని కింద పక్కటెముకలా ఉండే ఫ్రేమ్ సరిగా అరగదీయలేదని అర్థం. రంగు ఊడిందంటే భాగాలు కడగలేదని అర్థం. ఒక మెట్టు వెనక్కి వెళ్ళి చూస్తే చాలావరకు దొరికిపోతుంది. దానికి తోడు మన విజయవాడ ఎండ, ఉక్కపోత వాటి పని అవి చేస్తాయి.

సమస్య: కిట్ కొన్నారు, పెట్టె తెరిచారు, మళ్ళీ అటక ఎక్కించారు

కారణం ఎంపికలోనే ఉంది. మొదటిసారే మూడు కొయ్యల (తెరచాపలు కట్టే నిలువు స్తంభాల) తెరచాప ఓడ తీసుకుంటే తాళ్ళకు వందల ముడులు వేయాలి. చెయ్యి తిరిగినవాళ్ళకే నెలలు పట్టే పని అది.

పరిష్కారం: పెట్టె మీది బొమ్మను కాదు, స్కేల్‌ని చూడండి. 2022లో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ విక్రాంత్ పొడవు 262 మీటర్లు. 1/700 స్కేల్‌లో, అంటే అసలు ఓడలో ఏడు వందలో వంతుకు చేస్తే, అది 37 సెంటీమీటర్లు, పుస్తకాల అరలో పడుతుంది. 1/350లో అయితే 75 సెంటీమీటర్లు, దానికి వేరే చోటు చూసుకోవాలి.

నన్నడిగితే మొదటి మోడల్‌గా జలాంతర్గామి తీసుకోమంటాను. తాళ్ళు ఉండవు, చిన్నచిన్న భాగాలు తక్కువ, పైభాగమంతా నున్నగా ఉంటుంది కాబట్టి అతకడం, అరగదీయడం, రంగు వేయడం మూడూ చక్కగా నేర్చుకోవచ్చు. విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసుర ఫాక్స్‌ట్రాట్ అనే రకం జలాంతర్గామి, పొడవు 91 మీటర్లు. 1/350లో 26 సెంటీమీటర్లకు వస్తుంది. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి వైజాగ్‌లో ఉంటాం. అసలుదాని లోపలికి వెళ్ళి, గొట్టాలూ తలుపులూ దగ్గరగా చూసొచ్చి మోడల్ కట్టడంలో ఉన్న ఆనందమే వేరు.

చెక్కతోనే చేస్తానంటే కొయ్య లేని పడవ, లేదా ఒకే కొయ్య ఉన్న పడవ ఎంచుకోండి. ఆర్కిటెక్చర్ విద్యార్థులు వాడే బాల్సా (తేలికైన మెత్తటి చెక్క) షీట్లు చాలు. కోరమండల్ తీరపు మసులా పడవ అందుకు బాగుంటుంది. దాని పలకలకు మేకులు కొట్టేవారు కాదు, కొబ్బరి తాడుతో కుట్టేవారు. అందుకే ఒడ్డున విరిగే అలల దెబ్బకు పలకలు పగలకుండా వంగేవి. ఆ కుట్లు మోడల్‌లో సూదీ దారంతో నిజంగానే కుట్టొచ్చు.

సమస్య: బద్దలు లేస్తున్నాయి, మధ్యలో సందులు, ముందు కొన దగ్గర ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి

చెక్క ఓడ కట్టేవాళ్ళు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. కారణాలు రెండు. ఫ్రేమ్ అంచులు ఓడ వంపుకు తగ్గట్టు ఏటవాలుగా అరగలేదు. బద్దలేమో మొదటి నుంచి చివరిదాకా ఒకే వెడల్పులో ఉన్నాయి.

మొదటిదానికి చిన్న పరీక్ష ఉంది. జిగురు లేకుండా ఒక బద్దను ఫ్రేమ్‌ల మీద పొడవునా ఆనించి, లైటుకు ఎదురుగా పట్టుకోండి. బద్దకీ ఫ్రేమ్ అంచుకీ మధ్య సన్నని వెలుగు గీత కనిపిస్తే ఆ అంచు ఇంకా అరగాలి. 120 నంబరు సాండ్ పేపర్‌ను చెక్కముక్కకు చుట్టి, గీత పోయేదాకా రుద్దండి. దీనికి ఒక పూట పట్టినా తొందరపడొద్దు.

రెండోదానికి కాగితం పట్టీ చాలు. ఓడ మధ్యలో ఉన్న ఫ్రేమ్ అంచు చుట్టూ పట్టీ పెట్టి కొలవండి. అది 100 మిల్లీమీటర్లు వచ్చి మీ బద్ద వెడల్పు 5 అయితే, 20 బద్దలు పడతాయి. ముందు కొన దగ్గర అదే కొలత 60 వస్తే, ఒక్కో బద్ద అక్కడ 3 మిల్లీమీటర్లకు సన్నబడాలి. బ్లేడుతో కోసి సాండ్ పేపర్‌తో సరిచేస్తే ఎక్కడం ఆగిపోతుంది. వంపు ఎక్కువున్న చోట బద్దను వేడినీళ్ళలో నానబెట్టి, వంచి, బట్టల క్లిప్పులతో పట్టించి, పూర్తిగా ఆరాకే అతికించండి. తడి బద్దను అతికిస్తే ఆరాక కుంచించుకుపోయి సందులు తేలతాయి. రోహిణి కార్తెకు రోళ్ళే పగులుతాయంటారు, మిల్లీమీటరు మందం బద్ద ఏపాటిది? ఫ్యాను గాలికీ, కిటికీ ఎండకీ దూరంగా ఆరనివ్వండి.

ఓడ మొత్తం ఒక పక్కకు మెలి తిరిగిందంటే, ఒకవైపు బద్దలన్నీ వేసేశాక రెండోవైపు మొదలుపెట్టి ఉంటారు. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి వేసుకుంటూ రావాలి.

మిగిలిన సన్నని సందులకు మన పక్కనే పాఠం ఉంది. కొండపల్లి బొమ్మల వాళ్ళు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతుకులు వేస్తారు. మీరు మీ చెక్క నుంచి రాలిన పొడినే ఫెవికాల్‌తో కలిపి నింపండి. అయితే రంగు వేసే ఓడకే ఇది. వార్నిష్ మాత్రమే వేస్తే ఆ చోటు మచ్చలా కనిపిస్తుంది.

సమస్య: జిగురు చుట్టూ తెల్లటి పొగలాంటి మరక

ఇన్‌స్టంట్ జిగురు ఆవిరి గాలిలోని తేమతో కలిసి పక్కన పేరుకుంటుంది. వానాకాలంలో ఇది మరీ ఎక్కువ. సూదిమొనతో చిన్న చుక్క పెట్టండి, గాలి ఆడే చోట పనిచేయండి. కిటికీ అద్దాల్లాంటి పారదర్శక భాగాలకు ఆ జిగురు వద్దు, ఫెవికాల్ వాడండి.

సమస్య: రంగు గరుకుగా, లేదా పాలిపోయి, లేదా పెచ్చులుగా

గరుకుగా ఉంటే స్ప్రే తుంపరలు మోడల్‌ను చేరకముందే ఆరిపోయాయి. మే నెల మధ్యాహ్నం మేడ మీద స్ప్రే చేస్తే ఇలాగే అవుతుంది. తెల్లవారుజామున, కాస్త దగ్గర నుంచి, పలచగా రెండు మూడు పూతలు వేయండి. మాస్క్ తప్పనిసరి. పాలిపోతే తేమ కారణం, వాన వెలిసి పొడిగా ఉన్న రోజుదాకా ఆగండి. పెచ్చులుగా ఊడితే, భాగాలు అచ్చు నుంచి తేలిగ్గా ఊడటానికి పూసే నూనె ప్లాస్టిక్ మీద మిగిలిపోయింది. రంగుకు ముందే గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాలి.

సమస్య: తాళ్ళు నూగుతో, వదులుగా

నూలు దారం తేమకు మారిపోతుంది. పాలిస్టర్ దారం తీసుకుని తేనెమైనం మీదుగా రెండుసార్లు లాగండి, నూగు అణుగుతుంది. ఒకటి బిగిస్తే ఇంకోటి వదులవుతుంటే, మొదటిదే అతిగా బిగించారు. కొయ్యకు అటూ ఇటూ ఉన్న జతను కలిపి, తాడు నిటారుగా కనిపించేంత మాత్రమే లాగి ముడివేయండి. కొయ్యను నిలబెట్టే తాళ్ళకు అసలు ఓడల్లో తారు పూసేవారు కాబట్టి వాటికి ముదురు రంగు దారం, తెరచాపను కదిపే తాళ్ళకు లేతరంగు దారం వాడితే ఓడకు నిజమైన రూపు వస్తుంది.

సమస్య: పూర్తయిన ఓడ మీద దుమ్ము

రోడ్డు పక్క ఇళ్ళలో వారానికే పేరుకుంటుంది. గుడ్డ పెట్టొద్దు, తాళ్ళు తెగుతాయి. మెత్తటి మేకప్ బ్రష్‌తో పైనుంచి కిందికి దులపండి. అక్వేరియంలు చేసేవాళ్ళకి కొలతలిస్తే గాజుపెట్టె చేసిస్తారు. కొలత ఇచ్చేటప్పుడు కొయ్య ఎత్తుకు పైన కనీసం రెండంగుళాలు కలపండి.