ఇంట్లో వైఫై వేగం సరిగ్గా కొలవడం ఎలా?

నెట్ నెమ్మదించగానే చాలామంది ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ నొక్కి, వచ్చిన అంకె చూసి కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేస్తారు. కానీ ఆ అంకెలో రెండు వేగాలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి వీధిలోంచి రౌటర్ దాకా వచ్చే లైన్‌ది, రెండోది రౌటర్ నుంచి ఫోన్ దాకా వచ్చే వైఫైది. సంపులోకి నీళ్లు రాకపోయినా, ఇంట్లో పైపు పూడుకుపోయినా కుళాయి ధార సన్నగానే ఉంటుంది. తప్పు ఎక్కడుందో తేలాలంటే రెంటినీ విడిగా కొలవాలి.

ముందు ఒక లెక్క. ప్లాన్‌లో రాసేవి మెగాబిట్లు (ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు), డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు సాధారణంగా కనిపించేవి మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైటు. కాబట్టి 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో సెకనుకు 12 మెగాబైట్ల దగ్గర దిగుతుంటే అది పూర్తి వేగమే.

1. వైర్‌తో కొలవండి

ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, వైఫై, వీపీఎన్ ఆపేయండి. టీవీ, మిగతా ఫోన్లు కూడా నెట్ నుంచి తీసేయండి. ఉదయం మూడుసార్లు, రాత్రి 9 గంటలప్పుడు మూడుసార్లు టెస్ట్ చేసి రాసుకోండి. యాప్ తనంతట తాను ఎంచుకునే సర్వర్ చాలాసార్లు మీ కనెక్షన్ కంపెనీదే అయి ఉంటుంది. అందుకే ఇంకో కంపెనీ సర్వర్‌తో కూడా చూడండి.

200 ప్లాన్ తీసుకున్నా ప్రతిసారీ 94 దగ్గరే ఆగిపోతోందా? అయితే లైన్‌ను అనుమానించే ముందు పోర్టు, కేబుల్ చూడండి. చవక రౌటర్లలో చాలావాటి లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టు ఉన్నా, కేబుల్‌లోని నాలుగు జతల తీగల్లో ఒకటి తెగితే కనెక్షన్ 100కి పడిపోవచ్చు.

2. అదే ల్యాప్‌టాప్, అదే సర్వర్, ఈసారి వైఫై

చాలా రౌటర్లు వైఫైని రెండు బ్యాండ్లలో ఇస్తాయి: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. రౌటర్‌కు రెండు మీటర్ల దూరంలో, 5 గిగాహెర్ట్జ్ మీద మొదలుపెట్టి ఒక్కో గదిలో కొలవండి. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంటే మీకు తెలియకుండానే 2.4కి మారిపోవచ్చు, వైఫై వివరాల్లో చూసుకోండి. అక్కడే కనిపించే లింక్ స్పీడ్ (ల్యాప్‌టాప్, రౌటర్ మధ్య కాగితం మీది వేగం) 866 ఎంబీపీఎస్ అని ఉన్నా అసలు వేగం అందులో సగం, మహా అయితే మూడింట రెండు వంతులు.

ఆండ్రాయిడ్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్‌తో ప్రతి గదిలో సిగ్నల్ కూడా రాసుకోండి. అది మైనస్ అంకెల్లో ఉంటుంది, సున్నాకు దగ్గరైన కొద్దీ మంచిది. −50 చాలా బాగున్నట్టు. −67 వరకు వీడియో కాల్‌కు ఇబ్బంది ఉండదు. −75 కంటే కిందికి పడితే తెగుతుంది. స్లాబు, లావు గోడ, ఇనుప బీరువా అడ్డొస్తే 5 గిగాహెర్ట్జ్ త్వరగా నీరసిస్తుంది. సిగ్నల్ బాగుండీ వేగం లేదంటే పక్క ఫ్లాట్ల రౌటర్లు అదే ఛానల్లో (బ్యాండ్‌లోని ఒక్కో భాగానికి ఇచ్చిన నంబరు) ఉన్నాయేమో ఆ యాప్‌లోనే చూడండి. 2.4లో 1, 6, 11 తప్ప మిగతావి వాడొద్దు, ఒకదాని మీద ఒకటి పడతాయి.

3. పింగ్

పింగ్ అంటే ఒక చిన్న సందేశం వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం. వేగం కంటే ఇదే ఎక్కువ చెబుతుంది. ల్యాప్‌టాప్‌ను వైఫై మీదే ఉంచి, విండోస్‌లో రెండు కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు తెరవండి. ఒకదాంట్లో రౌటర్ చిరునామాకు (ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1), రెండోదాంట్లో ఇంటి బయట ఉండే గూగుల్ డీఎన్ఎస్ సర్వర్ 8.8.8.8కి పింగ్ కొట్టండి (ping అని రాసి, పక్కన చిరునామా). చివర హైఫన్, టి అక్షరం చేరిస్తే ఆగకుండా నడుస్తుంది. పది నిమిషాలు ఉంచండి.

రౌటర్ పింగ్ 2–5 మిల్లీసెకన్లలో నిలకడగా ఉంటే వైఫై బాగున్నట్టు. అది మాటిమాటికీ 100 దాటుతున్నా, టైమ్ అవుట్ వస్తున్నా తప్పు ఇంట్లోనే ఉంది. రౌటర్ పింగ్ కదలకుండా 8.8.8.8 మాత్రమే ఎగిరిపడుతుంటే తప్పు బయట ఉంది.

ఇప్పుడు పింగ్ నడుస్తుండగానే పెద్ద వీడియో ఒకటి అప్‌లోడ్ చేయండి. 8.8.8.8 పింగ్ 15 నుంచి 300కి ఎగబాకితే, వేగం ఎంత ఉన్నా వీడియో కాల్‌లో మాట ముక్కలవుతుంది. అప్‌లోడ్ డేటా రౌటర్‌లో క్యూ కట్టడమే కారణం. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ డేటా ముందు వెళ్లాలో తేల్చే సెట్టింగ్) ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని కొలిచిన వేగంలో 90 శాతానికి పెట్టి మళ్లీ చూడండి.

తప్పు బయటే అని తేలితే వైర్‌తో తీసిన రీడింగులను తేదీ, సమయంతో స్క్రీన్‌షాట్లుగా పంపండి. వైఫై రీడింగ్ పంపితే "మీ ఇంట్లో సిగ్నల్ సమస్య" అనే జవాబే వస్తుంది.