సూపర్‌పొజిషన్ అంటే 'సగం సగం' కాదని మా క్లాసుకు ఎలా ఎక్కిందంటే

బీఎస్సీ ఫైనలియర్‌కి క్వాంటమ్ మెకానిక్స్ చెప్పేటప్పుడు ఏటా ఇదే గొడవ. సూపర్‌పొజిషన్ అంటే ఒక్కో పరమాణువూ రెండు స్థితుల కలయికలో ఉండటం. పిల్లలేమో "సగం పరమాణువులు పైకి, సగం కిందికి ఉన్న గుంపు" అని రాసేస్తారు. లెక్కలు మాత్రం తప్పు పోవు! ష్రోడింగర్ పిల్లి కథ, యానిమేషన్ వీడియోలు, ఇంకొన్ని ఇంటిగ్రల్స్... ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది 1922 నాటి స్టెర్న్-గెర్లాక్ ప్రయోగం (పరమాణువులను అయస్కాంతం గుండా పంపి, స్పిన్ అనే గుణాన్ని బట్టి రెండు దారులుగా విడదీసేది), బోర్డు మీద పెట్టెలుగా గీసి. ముందు జెడ్ పెట్టె, అంటే పైకీ కిందికీ విడదీసేది. అందులో పైకి వచ్చినవాటినే కుడిఎడమలుగా విడదీసే ఎక్స్ పెట్టెలోకి పంపాం: సగం కుడికి, సగం ఎడమకి. కుడివాటిని మళ్లీ జెడ్‌లోకి పంపితే? జవాబు చెప్పకుండా ఎవరి ఊహ వాళ్లచేత కాగితం మీద రాయించాను. చాలామంది "అన్నీ పైకే" అన్నారు. నిజానికి సగం కిందికి పోతాయి.

అసలు కీలకం దీని తర్వాతిది. ఎక్స్ పెట్టె రెండు దారులనూ, ఏది ఎటు వెళ్లిందో కొలవకుండా, చెదరకుండా కలిపి జెడ్‌లోకి పంపితే అన్నీ పైకే వస్తాయి. ఉత్త గుంపే అయితే సగం సగమే రావాలి కదా? ఇక్కడ క్లాసంతా వాదనకు దిగింది. అప్పుడు గానీ కాలమ్ వెక్టర్ల (స్పిన్ స్థితిని నిలువు వరుసలో అంకెలుగా రాసే) లెక్క చేయించలేదు. ముందే చేయిస్తే మళ్లీ బట్టీయే.

ఇది స్పిన్ వరకే. టన్నెలింగ్‌కి (దాటేంత శక్తి లేకున్నా కణం అడ్డుగోడ దాటడం) కూడా సాయపడిందని చెప్పలేను. మాట్రిక్సులు రాని బ్యాచ్‌కైతే ముందు అవి చెప్పుకోవాల్సిందే.