ఇంట్లో ఆర్ఓ ఫిల్టర్లు మనమే మార్చుకోవడం: ఏది, ఎప్పుడు, ఎలా

ఆర్ఓ మిషన్‌లో ఖరీదైనది మెంబ్రేన్, అంటే నీళ్ళలోని ఉప్పును ఆపే పొర. దాన్ని కాపాడేవి దానికి ముందు ఉండే చవక ఫిల్టర్లు. చాలా ఇళ్ళలో ఈ చవకవాటిని నీళ్ళు సన్నగా వచ్చేదాకా పట్టించుకోరు. ఈలోగా మెంబ్రేన్ పాడవుతుంది, సర్వీసుకు వచ్చినవాళ్ళు సెట్టు మొత్తం మార్చేసి వెళ్తారు. స్పన్, కార్బన్ అనే ఈ చవక ఫిల్టర్లను సమయానికి మారిస్తే మెంబ్రేన్ రెండు మూడేళ్ళు హాయిగా వస్తుంది. ఈ పనికి మెకానిక్ అక్కర్లేదు. తొందరపడకుండా చేసుకుంటే గంటన్నరలో అయిపోతుంది.

ఇక్కడ చెప్పేది మార్కెట్లో విడిభాగాలు దొరికే మామూలు మిషన్ల గురించి. కొన్ని కంపెనీల మిషన్లలో తిప్పి ఊడదీసే సొంత కార్ట్రిడ్జ్‌లుంటాయి. వాటికి ఆ కంపెనీవే కొనాలి, బయటివి సరిపోవు.

నీళ్ళు వెళ్ళే దారి

మిషన్ బయట గోడకు తెల్లటి లేదా పారదర్శకమైన గిన్నె ఉంటుంది. అందులో ఉండే 10 అంగుళాల తెల్లటి దూది కడ్డీలాంటిదే స్పన్ ఫిల్టర్. 5 మైక్రాన్ల వరకు మట్టి, ఇసుక, తుప్పు ఆపుతుంది. లోపలికి వెళ్ళాక సెడిమెంట్, కార్బన్ గొట్టాలు, తర్వాత మెంబ్రేన్, ఆ తర్వాత పోస్ట్ కార్బన్ (మెంబ్రేన్ తర్వాత ఉండే కార్బన్), యూవీ (క్రిములను చంపే దీపం), యూఎఫ్ (ఇంకో వడపోత) వంటివి, చివర ట్యాంకు. మెంబ్రేన్‌లోంచి ఉప్పుతో బయటికి పోయే నీళ్ళ పైపు మీద వేలెడంత చిన్న గొట్టం ఉంటుంది. అది ఫ్లో రిస్ట్రిక్టర్, దుకాణాల్లో ఎఫ్‌ఆర్ అంటారు. 24 వోల్టుల పంపు, సోలినాయిడ్ వాల్వు (కరెంటుతో నీళ్ళను ఆపి వదిలేది) ఏ ఫిల్టర్ల మధ్య ఉంటాయన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. అందుకే మూత తీయగానే పైపులన్నీ కనిపించేలా నాలుగు వైపులా ఫోన్‌తో ఫోటోలు తీయండి. తిరిగి బిగించేటప్పుడు ఎక్కువమంది తప్పుచేసేది పైపులు తారుమారు కావడంలోనే.

ఎప్పుడు మార్చాలి

స్పన్ ఫిల్టర్‌కు తేదీ కాదు, రంగు చూడాలి. తెల్లది ముదురు గోధుమరంగుకు వచ్చిందంటే పని అయిపోయినట్టే. బోరు నీళ్ళకైతే రెండు మూడు నెలలు, ట్యాంకరు నీళ్ళకైతే ఇంకా ముందే, శుద్ధిచేసిన కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్ళకైతే నాలుగైదు నెలలు పట్టవచ్చు. వానాకాలంలో నెలకోసారి చూడండి. కడిగి మళ్ళీ పెట్టకండి. పైన మురికి పోయినట్టు కనిపిస్తుంది గానీ లోపలి పొరల్లో ఇరుక్కున్నది అలాగే ఉంటుంది.

కార్బన్ విషయం వేరు. అది అయిపోయినా బయటికి ఏమీ తెలియదు, రంగు మారదు, నీళ్ళు తగ్గవు. దాని అసలు పని క్లోరిన్‌ను ఆపడం. ఇళ్ళలో వాడే పాలిఅమైడ్ మెంబ్రేన్ క్లోరిన్‌ను తట్టుకోలేదు. కార్బన్ అయిపోయాక వచ్చే క్లోరిన్ రోజూ కొంచెం కొంచెంగా మెంబ్రేన్ పొరను తినేస్తుంది, అలా పాడైనది మళ్ళీ బాగుపడదు. అందుకని కార్బన్‌ను మాత్రం తేదీ ప్రకారమే మార్చాలి: మున్సిపల్ నీళ్ళకు ఆరు నుంచి తొమ్మిది నెలలు, క్లోరిన్ కలపని బోరు నీళ్ళకు ఏడాది దాకా. అనుమానముంటే క్లోరిన్‌ను పరీక్షించే క్లోరోస్కోప్ కిట్ తెచ్చి కార్బన్ తర్వాతి పైపులోని నీళ్ళకు మందు చుక్కలు వేయండి. పసుపు రంగు వచ్చిందంటే క్లోరిన్ దాటి వస్తోంది. లోపలి సెడిమెంట్‌ను కార్బన్‌తో పాటే మార్చేయడం తేలిక.

మెంబ్రేన్‌ను తేదీతో గానీ, ఎవరో చెప్పారని గానీ మార్చకండి. కొలిచి మార్చండి. టీడీఎస్ అంటే నీళ్ళలో కరిగి ఉన్న ఉప్పులు, ఖనిజాల మొత్తం. దాన్ని కొలిచే చిన్న టీడీఎస్ మీటరు ఒకటి కొంటే చాలు. మిషన్‌ను పది నిమిషాలు నడవనిచ్చి, మెంబ్రేన్ నుంచి మంచినీళ్ళు వచ్చే పైపు ఊడదీసి అక్కడే పట్టుకోండి. కొళాయి దగ్గర పట్టకూడదు. ట్యాంకులోకి వచ్చే నీళ్ళల్లో టీడీఎస్ కంట్రోలర్ ద్వారా ముడి నీళ్ళు కలుస్తాయి, మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటే అదీ పెంచుతుంది. ఆగి ఉన్న మిషన్‌లో మొదట వచ్చే నీళ్ళు కూడా ఎక్కువే చూపిస్తాయి.

లెక్క ఇది: వచ్చే నీళ్ళ టీడీఎస్‌లోంచి మెంబ్రేన్ నీళ్ళ టీడీఎస్ తీసేసి, వచ్చేదానితో భాగించి, నూరుతో గుణించాలి. వచ్చేది 900, బయటికొచ్చేది 70 అయితే 92 శాతం ఆపుతోంది, ఇంకా బాగుంది. అదే 900కు 200 వస్తే 78 శాతమే. 85 కిందికి దిగితే కొత్తది కొనిపెట్టుకోండి, 80 కిందికి వస్తే మార్చేయండి. నీళ్ళు ఎంత వస్తున్నాయో కూడా చూడాలి. 75 జీపీడీ (రోజుకు 75 గ్యాలన్లు) మెంబ్రేన్ మంచి ప్రెషర్‌తో నిమిషానికి 200 మి.లీ. దగ్గర ఇవ్వాలి, అంటే లీటరు సీసా అయిదారు నిమిషాల్లో నిండుతుంది. చలికాలంలో తగ్గితే కంగారుపడకండి. నీళ్ళు ఒక్క డిగ్రీ చల్లబడితే సుమారు 3 శాతం తక్కువ వస్తాయి.

తెచ్చుకోవాల్సినవి

10 అంగుళాల 5 మైక్రాన్ స్పన్, సెడిమెంట్, కార్బన్ ఒక్కోటి, మెంబ్రేన్ మారుస్తుంటే 1812 సైజుది, దానితోపాటు కొత్త ఎఫ్‌ఆర్. పాత మెంబ్రేన్ లేబుల్ మీద 1812-75 లేదా 1812-80 అని ఉంటుంది, అదే తీసుకోండి. బాగా వస్తాయని 100 జీపీడీది తెచ్చి పెడితే పాత పంపు దాన్ని లాగలేదు. వాంట్రాన్, సీఎస్ఎం, ఫిల్మ్‌టెక్ పేర్లతో నకిలీలు చాలా తిరుగుతున్నాయి. సీలు చెదరని కవరులో ఉన్నది, బిల్లుతో కొనండి. ఇవి కాక గిన్నె విప్పే ప్లాస్టిక్ స్పానర్, మెంబ్రేన్ డబ్బా స్పానర్, టెఫ్లాన్ టేపు, కొత్త బ్లేడు, బకెట్, పాత గుడ్డలు. రెండు మూడు ఎల్బోలు (పైపును గొట్టానికి కలిపే వంపు జాయింట్లు) అదనంగా తెచ్చుకోండి, పాతవి విప్పేటప్పుడు విరుగుతాయి.

స్పన్ మార్చడం

ముందు ప్లగ్గు పీకేయండి. ఇన్లెట్ వాల్వు మూసి, గిన్నె మీద ఎర్ర బటన్ ఉంటే నొక్కి ప్రెషర్ వదలండి, లేకపోతే మిషన్‌లోకి వెళ్ళే పైపు ఊడదీయండి. కింద బకెట్ పెట్టి, కింది నుంచి చూస్తే గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో స్పానర్ తిప్పాలి. రాకపోతే ప్రెషర్ ఇంకా ఉన్నట్టు, బలం పెంచకండి.

గిన్నెను సబ్బుతో కడిగి బాగా జాడించండి. పై అంచు గాడిలో ఉన్న నల్ల ఓ-రింగ్‌ను తీసి తుడిచి, చుట్టూ సమంగా కూర్చోబెట్టండి. ఎండినట్టుంటే కొంచెం సిలికాన్ గ్రీజు రాయండి. వ్యాసలీన్, నూనె రాస్తే రబ్బరు ఉబ్బి గాడిలోంచి బయటికొస్తుంది. కొత్త స్పన్ ప్లాస్టిక్ కవరు పూర్తిగా తీసి, గిన్నె అడుగున ఉన్న బొడిపె మీద నిలబెట్టి బిగించండి. కవరు తీయకుండా పెట్టి నీళ్ళు రావడంలేదని మెకానిక్‌ను పిలిచేవాళ్ళు నిజంగా ఉన్నారు. చేత్తో బిగించి, స్పానర్‌తో పావు చుట్టు చాలు.

సెడిమెంట్, కార్బన్

ఈ గొట్టాల మీద బాణం గుర్తు ఉంటుంది, నీళ్ళు ఆ దిశలో వెళ్ళాలి. పాతది తీయకముందే దాని బాణం ఎటుందో చూసుకోండి. పుష్ ఎల్బోకు నీలి రంగు క్లిప్పు ఉంటే ముందు అది తీసి, కాలరును వేలితో లోపలికి నొక్కి పట్టి పైపు లాగాలి. నొక్కకుండా లాగితే లోపలి పళ్ళు పైపును చీరుస్తాయి.

కొత్త గొట్టానికి ఎల్బో బిగించేముందు మరకు టెఫ్లాన్ టేపు ఎనిమిది పది చుట్లు చుట్టండి. మర కొన మీవైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టాలి. ఉల్టా చుడితే బిగించేకొద్దీ టేపు విప్పుకుపోతుంది. ఎల్బోను చేత్తోనే బిగించండి. ప్లయర్‌తో గట్టిగా తిప్పితే గొట్టం మూతి పగులుతుంది. ఆ పగులు అప్పుడు కనిపించదు, ప్రెషర్ వచ్చాక కారుతుంది. పైపు కొన నలిగి ఉంటే బ్లేడుతో అర అంగుళం అడ్డంగా తిన్నగా కోసి, ఆగేదాకా లోపలికి తోయండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన పని. కొత్త కార్బన్‌లోంచి మొదట నల్లటి పొడి వస్తుంది. ఆ పొడి మెంబ్రేన్‌లోకి వెళ్తే కొత్త మెంబ్రేన్ కూడా మొదటి రోజే పూడుకుపోతుంది. అందుకని కార్బన్ నుంచి బయటికొచ్చే పైపును మెంబ్రేన్ వైపు కలపకుండా బకెట్లో పెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా, కనీసం అయిదు లీటర్లు వదిలేయండి. మీ మోడల్‌లో పంపు దాటాకే నీళ్ళు వస్తాయంటే దీనికోసం కాసేపు ప్లగ్గు పెట్టక తప్పదు. అలాంటప్పుడు చేతులు తుడుచుకుని, విద్యుత్ భాగాల మీద గుడ్డ కప్పి చేయండి.

మెంబ్రేన్

మెంబ్రేన్ డబ్బాకు మూత ఉన్న వైపు ఒకటే పైపు ఉంటుంది, ముడి నీళ్ళు వచ్చేది. అవతలి వైపు రెండు: నడిమధ్యది మంచినీళ్ళది, పక్కది వేస్ట్ నీళ్ళది. ఈ రెండూ తారుమారైతే ఉప్పునీళ్ళు ట్యాంకులోకి పోతాయి, మార్కరుతో గుర్తు పెట్టుకోండి.

మూత విప్పి, పాత మెంబ్రేన్ కొనను ప్లయర్‌తో పట్టి కొంచెం తిప్పుతూ లాగండి. డబ్బాలో జిగురు, సున్నపు పొర ఉంటే కడగండి. కొత్తదాన్ని కవరులోంచి తీసేటప్పుడు చేతులు శుభ్రంగా ఉండాలి, వీలైతే గ్లౌజు వేసుకోండి. రెండు చిన్న ఓ-రింగులున్న సన్నటి కొన ముందు లోపలికి వెళ్ళాలి. పెద్ద రబ్బరు అంచు మూత వైపు ఉంటుంది. ఓ-రింగులను నీళ్ళతో తడిపి, లోపలికి తోసి, చివర బొటనవేళ్ళతో గట్టిగా నొక్కండి. టక్కుమని కూర్చున్నట్టు తెలియాలి. ఇది సరిగా కూర్చోకపోతే ముడి నీళ్ళు పక్కనుంచి మంచినీళ్ళలో కలుస్తాయి. కొత్త మెంబ్రేన్ వేసినా టీడీఎస్ తగ్గలేదంటే పదిలో తొమ్మిదిసార్లు కారణం ఇదే, మెంబ్రేన్ తప్పు కాదు.

పాత ఎఫ్‌ఆర్ మీద 450 లాంటి అంకె ఉంటుంది. నిమిషానికి అన్ని మి.లీ. వేస్ట్ నీళ్ళు వదలాలని అర్థం. అదే అంకెది పెట్టండి. వేస్ట్ నీళ్ళు తగ్గుతాయని చిన్న అంకెది పెడితే ఉప్పు, సున్నం మెంబ్రేన్‌లోనే పేరుకుంటాయి. ఎఫ్‌ఆర్ పూడుకుపోయినా అంతే. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో మెంబ్రేన్లు త్వరగా పోవడానికి ఇది పెద్ద కారణం. వేస్ట్ పైపు కింద లీటరు సీసా పెట్టి చూడండి. 450 ఎఫ్‌ఆర్ అయితే రెండు నిమిషాలు దాటగానే నిండాలి.

యూవీ దీపం నీలంగా వెలుగుతున్నంత మాత్రాన క్రిములను చంపుతోందని కాదు, దాని శక్తి ముందే తగ్గుతుంది. ఏడాదికోసారి మార్చండి. వెలుగుతున్నప్పుడు చూడకండి, గాజును వట్టి చేత్తో ముట్టకండి.

మొదలుపెట్టాక

ఇన్లెట్ వాల్వు సగమే తెరిచి, అన్ని జాయింట్ల కింద పొడి టిష్యూ పెట్టి చూడండి. సన్నటి చెమ్మ కంటికి కనిపించకపోయినా టిష్యూ మీద తెలుస్తుంది. తర్వాత పూర్తిగా తెరిచి, ప్లగ్గు పెట్టండి. కొత్త మెంబ్రేన్‌ను పాడవకుండా ఉంచే రసాయనంతో ప్యాక్ చేస్తారు, కాబట్టి మొదటి రెండు ట్యాంకుల నీళ్ళు తాగకుండా ఇల్లు తుడవడానికి వాడండి. రెండో ట్యాంకు నిండేటప్పుడు టీడీఎస్ కొలిచి, తేదీతోపాటు డబ్బా మీద రాయండి. వచ్చేసారి పోల్చుకోవడానికి ఆ అంకే ఆధారం.

పంపు మోగుతున్నా నీళ్ళు రాకపోతే గాలి నిలిచి ఉంటుంది. ఇన్లెట్ పైపు వదులుచేసి గాలి పోనివ్వండి. పంపు అసలు మోగకపోతే ప్రెషర్ చాలక లో ప్రెషర్ స్విచ్ ఆపి ఉండవచ్చు, ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్ళున్నాయో చూడండి. ట్యాంకు నిండి మిషన్ ఆగినా వేస్ట్ పైపు కారుతూనే ఉంటే సోలినాయిడ్ వాల్వులో చెత్త ఇరుక్కున్నట్టు.

టీడీఎస్ కంట్రోలర్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. రుచి కోసం దాన్ని తెరిస్తే మెంబ్రేన్ దాటని ముడి నీళ్ళు నేరుగా కలుస్తాయి. నల్లగొండ, ప్రకాశం, అనంతపురం జిల్లాల్లో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో అలా తెరవడమంటే వదిలించుకున్న ఫ్లోరైడ్‌ను మళ్ళీ గ్లాసులో పోసుకోవడమే. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే నీళ్ళు దొరకనప్పుడు గరిష్ఠంగా 1.5. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను చూపించదు. ఈ ప్రాంతాల్లో కంట్రోలర్ పూర్తిగా మూసేసి, రుచికి మినరల్ కార్ట్రిడ్జ్ పెట్టుకోండి. మెకానిక్ వచ్చి వెళ్ళిన ప్రతిసారీ దాన్ని ఎవరైనా తిప్పారేమో కొలిచి చూసుకోండి.

అపార్ట్‌మెంట్లలో సంపు కడిగి బ్లీచింగ్ పౌడరు వేసే రోజున ఆర్ఓ ఇన్లెట్ మూసేయండి. ఆ ఒక్కరోజు వచ్చే క్లోరిన్ మామూలు కార్బన్ ఆపగలిగినదానికి చాలా మించి ఉంటుంది. వాసన పూర్తిగా పోయాక, కుళాయిల్లోంచి కాసేపు నీళ్ళు వదిలి అప్పుడు తెరవండి. పది రోజులకు మించి ఊరెళ్తే ప్లగ్గు, ఇన్లెట్ మూసి, ట్యాంకు ఖాళీచేసి వెళ్ళండి. వచ్చాక మొదటి ట్యాంకు పారబోసి, రెండోది తాగండి.