సైకిల్ టైరు రిమ్మును వదలనప్పుడు: సమస్య - పరిష్కారం

విజయవాడ నుంచి కృష్ణ కరకట్ట మీద పొద్దున్నే తొక్కేవాళ్ళకు పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు కొత్తేమీ కాదు. పంచరు వేసుకోవడం కూడా చాలామందికి వచ్చు. ఇబ్బందల్లా టైరు ఊడదీయడం దగ్గరే. ప్లాస్టిక్ లీవర్లు విరుగుతాయి, వేళ్ళ మీద చర్మం లేస్తుంది, చివరికి ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ తీస్తారు. ముల్లు పెట్టింది ఒక్క చిల్లే, స్క్రూడ్రైవర్ దానికి ఇంకో రెండు కలుపుతుంది.

ఇక్కడ చెప్పేది గేర్ సైకిళ్ళు, హైబ్రిడ్లు, రోడ్ బైకుల చక్రాల గురించి. చక్రం విప్పడం, లీవరు పెట్టడం మీకు తెలుసనే అనుకుంటున్నాను.

ఏ లక్షణమైనా సరే, ముందు ఇది చూడండి

రిమ్ము లోపల రెండు పక్కలా టైరు అంచు కూర్చునే గట్లు ఉంటాయి. వాటి మధ్యలో ఇంకాస్త లోతుగా ఒక గాడి ఉంటుంది. టైరు అంచులో ఉక్కు తీగ ఉన్నా, మడతపెట్టే టైర్లలోలాగా కెవ్లార్ దారం ఉన్నా, మన చేతుల బలానికి సాగదు. సాగని చుట్టు తనకన్నా పెద్దదైన రిమ్ము అంచు దాటి ఎలా వస్తుంది? ఎదుటి వైపున అది గట్టు దిగి గాడిలో పడితేనే వస్తుంది. అటు ఎంత లోతుకు దిగితే ఇటు అంత వదులు దొరుకుతుంది. ఆ గాడిని పెట్టిందే ఇందుకు.

టైరు రావడం లేదని నా దగ్గరికి వచ్చే చక్రాల్లో ఎక్కువ వాటికి ఈ పనే జరిగి ఉండదు. గాలి తీస్తారు, వెంటనే లీవరు దూరుస్తారు. ఎదుటి వైపు అంచు మాత్రం గట్టు మీద హాయిగా కూర్చునే ఉంటుంది. అప్పుడు మీరు ఎంత బలం పెట్టినా తీగను సాగదీయాలని చూస్తున్నట్టే లెక్క.

గాలి పూర్తిగా తీసేయండి. సన్న వాల్వు అయితే కొన మీది చిన్న నట్టు వదులు చేసి, టైరును నలుపుతూ నొక్కి ఉంచితేనే ఆఖరి గాలి పోతుంది. వాల్వు మొదట్లో రిమ్ముకు బిగించే చిన్న రింగు నట్టు ఉంటే అదీ తీసేయండి. తర్వాత చక్రం చుట్టూ తిరుగుతూ రెండు బొటనవేళ్ళతో టైరును పక్క నుంచి నొక్కి, అంచును గట్టు మీద నుంచి గాడిలోకి తొయ్యండి. ఒక పక్క అయ్యాక రెండో పక్క. ఒక్క జానెడు మేర వదిలేసినా, వదులంతా అక్కడే ఆగిపోతుంది.

లీవరు దూరింది, కానీ ఎత్తితే పైకి రావడం లేదు

అంచు గాడిలోనే ఉందా? అయితే లీవరు ఎక్కడ పెట్టారో చూడండి. వాల్వు ఉన్నచోట ట్యూబు మొదలు లావుగా ఉండి గాడిలో అడ్డం కూర్చుంటుంది. అక్కడ అంచు ఎప్పటికీ లోపలికి దిగదు. అందుకని లీవరు వాల్వు వైపునే పెట్టాలి, దానికి బెత్తెడు దూరంలో. అప్పుడు దాని ఎదుటి భాగమంతా గాడిలోకి దిగడానికి ఖాళీగా ఉంటుంది. వాల్వు దెబ్బ తింటుందేమోనని చాలామంది సరిగ్గా దానికి ఎదురుగా మొదలుపెడతారు. దిగే వీలున్న చోట ఎత్తుతూ, దిగే వీల్లేని చోట దించాలని చూడటం అన్నమాట.

చక్రాన్ని వాల్వు పైకి వచ్చేలా నిలబెట్టండి. కింది నుంచి మొదలుపెట్టి, రెండు చేతులతో టైరును రెండు వైపుల నుంచీ పైకి దువ్వుకుంటూ రండి. వదులంతా పైకి చేరుతుంది. ఇప్పుడు మొదటి లీవరు ఎత్తి దాని కొక్కేన్ని చువ్వకు తగిలించండి. రెండోది రెండు అంగుళాల దూరంలో పెట్టండి, అంతకన్నా దూరం వద్దు. ఒకేసారి జానెడు మేర ఎత్తుదామనే ఆత్రంలోనే లీవర్లు విరిగేది. ఎత్తింది ఎత్తినట్టే లోపలికి జారిపోతుంటే మూడో లీవరు వాడండి, మధ్యది తీసి ముందుకు వెళ్ళండి.

సబ్బు నీళ్ళు బాగా పనిచేస్తాయి. ఇంజిన్ ఆయిల్, గ్రీజు మాత్రం రబ్బరు దగ్గరికి రానివ్వకండి.

ఇవన్నీ చేశాక కూడా ఇటు వదులు రావడం లేదు

నన్ను అన్నిటికన్నా ఎక్కువ సతాయించింది ఇదే. కారణం టైరులో ఉండదు. రిమ్ము గాడిలో వేసే టేపులో ఉంటుంది.

గుంటూరు నుంచి అమరావతి దాకా తొక్కి వచ్చే ఒకాయన చక్రం సంగతి చెబుతాను. 28 మిల్లీమీటర్ల టైరు, డబుల్ వాల్ (ఒకదాని కింద ఒకటిగా రెండు గోడలున్న) అలాయ్ రిమ్ము. కొన్న కొత్తలో టైరు చేత్తోనే ఊడేదట. తర్వాత ఎక్కడో సర్వీసు చేయించారు. అప్పటి నుంచి రెండు లీవర్లు విరిగాయి. చూపించిన ప్రతిచోటా ఒకటే మాట: "టైరు కంపెనీ మార్చండి సార్, ఈ కంపెనీవి టైటే." ఆయన మార్చారు కూడా. కొత్త టైరు ఇంకా బిగుతుగా ఎక్కింది. నా దగ్గరికి వచ్చినప్పుడు చక్రం చుట్టూ అంచును గాడిలోకి తోశాను. తోసిందంతా మధ్యకు జరిగింది గానీ ఒక్క పిసరు కూడా కిందికి దిగలేదు. అక్కడే అసలు సంగతి బయటపడింది. ఎలాగోలా టైరు విప్పితే లోపల ముందు కంపెనీ టేపు, దాని మీద పాత ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీ, ఆ పైన నల్లటి ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు. గాడి దాదాపు పూడిపోయింది.

ఇది చెడ్డ ఉద్దేశంతో చేసే పని కాదు. డబుల్ వాల్ రిమ్ములో చువ్వల రంధ్రాలు పెద్దవి. టేపు పక్కకు జరిగితే ట్యూబు ఆ రంధ్రంలోకి ఉబ్బి లోపలి వైపు చిల్లి పడుతుంది. అలాంటి పంచరు రెండుసార్లు వస్తే, మెకానిక్ ఉన్న టేపు మీదే ఇంకో పొర వేస్తాడు. పంచర్లు ఆగిపోతాయి, బండి ఆయన సంతోషంగా వెళ్ళిపోతాడు. పాత ఇనుప రిమ్ముల సైకిళ్ళకు ట్యూబు ముక్క కోసి వేయడం మామూలే, వాటి గాడి లోతు కాబట్టి ఆ మందం తెలిసేది కాదు. అదే అలవాటు సన్నటి అలాయ్ రిమ్ముకు సరిపోదు.

లెక్క వేసి చూడండి. గాడి చుట్టూ 1 మిల్లీమీటరు మందం పెరిగితే, అంచు దిగాల్సిన చోట చుట్టుకొలత 6 మిల్లీమీటర్లకు పైగా పెరిగిపోతుంది. రెండు మిల్లీమీటర్లు పెరిగితే పన్నెండు దాటుతుంది. టైరు బయటికి రావడానికి మనకు దొరికే వదులే ఆ కాస్త. దాన్ని టేపు తినేస్తే ఏ లీవరు ఏం చేస్తుంది?

విప్పకముందే అనుమానించడానికి గుర్తులు ఉన్నాయి. అదే టైరు మునుపు తేలిగ్గా వచ్చేది, ఏదో రిపేరు తర్వాత బిగిసింది. టైరు కంపెనీ మార్చినా ఇబ్బంది పోలేదు. ముందు చక్రం సులువుగా ఊడుతోంది, వెనకది మాత్రం రావడం లేదు. రెండింటికీ ఒకే టైరు, ఒకే రిమ్ము. అంచును మధ్యకు తోసి పైనుంచి చూస్తే అది గట్టు కన్నా కిందికి దిగినట్టు కనిపించదు, వేలితో నొక్కితే అడుగున మెత్తగా తగులుతుంది. ఇందులో రెండు కలిసినా టేపే అనుకోండి.

అలాంటి టైరును ఎలా విప్పాలి? ముందు చక్రాన్ని ఓ పావుగంట ఎండలో పెట్టండి. మే నెలలో బెజవాడ ఎండకు అంతసేపు కూడా అక్కర్లేదు. తీగ సాగదు గానీ రబ్బరు మెత్తబడి చేతికి లొంగుతుంది. తర్వాత రెండు పక్కలా సబ్బు నీళ్ళు రాయండి. వాల్వుకు ఎదుటి వైపు అంచులను మధ్యకు తోసి, టైరునూ రిమ్మునూ కలిపి నవారు పట్టీతోనో గట్టి తాడుతోనో బిగించి కట్టేయండి. మీరు ఇటు ఎత్తుతుంటే అటు అంచు మళ్ళీ గట్టెక్కకుండా ఆ కట్టు ఆపుతుంది. రెండు మూడు చోట్ల కడితే ఇంకా మంచిది. ఆ తర్వాత వాల్వు పక్కన అంగుళం అంగుళం చొప్పున ఎత్తుకుంటూ రండి. మొదటి బెత్తెడు బయటపడిందంటే మిగతాది వచ్చేస్తుంది.

ఊడింది కదా అని అదే టేపు మీద మళ్ళీ ట్యూబు వేయకండి. దీని కోసమే ఇంత చెప్పింది. పొరలన్నీ పీకేయండి, అట్టడుగున కంపెనీది కూడా. జిగురు మరకలు శానిటైజర్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. సన్నటి, గట్టి రిమ్ టేపు ఒక్క చుట్టు చాలు, వాల్వు రంధ్రం దగ్గర కాస్త ఒకదాని మీద ఒకటి వచ్చేలా. వేసేటప్పుడు లాగి పట్టుకోవాలి, వదులుగా వేస్తే మళ్ళీ పక్కకు జరుగుతుంది. మామూలు ట్యూబు టైరుకైతే టేపు చువ్వల రంధ్రాలను పూర్తిగా కప్పేంత వెడల్పు ఉండాలి, గట్ల మీదికి మాత్రం ఎక్కకూడదు. మందం టేపు గట్టు ఎక్కితే అంచు కూర్చునే చోటే ఎత్తు పెరిగి ఇంకో రకం బిగుతు మొదలవుతుంది. కరెంటు పనికి వాడే ఇన్సులేషన్ టేపు ఈ పనికి రాదు. మన ఎండలకు దాని జిగురు కారిపోయి, టేపు ముడతలు పడి, కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ట్యూబ్‌లెస్ టైరు: అంచు గట్టు దిగడమే లేదు

ఇక్కడ గట్టు చివర చిన్న ఉబ్బు ఉంటుంది, అంచు జారకుండా దాన్ని పట్టి ఉంచడానికే. దానికి తోడు చిల్లులు పూడ్చడానికి లోపల పోసిన సీలెంట్ ద్రవం ఎండి జిగురులా అంటుకుంటుంది. బొటనవేళ్ళు చాలవు. చక్రాన్ని రెండు చెక్కల మీద పడుకోబెట్టి, మెత్తటి చెప్పులతో టైరు పక్క గోడ మీద మాత్రమే, రిమ్ముకు ఆనుకుని తొక్కండి. టప్‌మని శబ్దం వస్తే అంచు దిగినట్టే. డిస్క్ ఉన్న వైపు కింద పెట్టేటప్పుడు చెక్కలు రిమ్ము కిందే ఉండాలి, డిస్క్ నేలకు తగలకూడదు. అంచుకూ గట్టుకూ మధ్య లీవరు దూర్చకండి. టేపు కోసుకుపోతే గాలి చువ్వల రంధ్రాల్లోంచి పోతుంది, ఆ లీకు వెతకడం పెద్ద తలనొప్పి.

ఒక పక్క వచ్చింది, రెండో పక్క రావడం లేదు

ట్యూబు తీసేశారా? తీసేసి, రెండో అంచును కూడా మొదటిది వచ్చిన వైపుకే లాగండి. చక్రం నిలబెట్టి, పైన టైరును చేత్తో పట్టుకుని రిమ్మును కిందికి తొయ్యండి. దీనికి లీవరు అవసరం పడటం అరుదు.

మిగతావి

రిమ్ముకు తుప్పు పట్టి టైరు అతుక్కుపోవడం పాత ఇనుప చక్రాలకు, అదీ బందరు, బాపట్ల వైపు ఉప్పు గాలికి ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్నవాటికి వస్తుంది. ఆ టైరును కోసేయండి, అది ఎలాగూ పనికిరాదు. రిమ్ము వంకర పోయి ఉంటే బిగుతు ఒక్కచోటే ఉంటుంది, చక్రం తిప్పితే కంటికే కనిపిస్తుంది. సైజు తేడా అనుమానం ఉంటే టైరు పక్కన 28-622, 37-622 లాంటి అంకెల్లో రెండోది రిమ్ము మీద ఉన్నదానితో సరిపోల్చండి. పాత 28 x 1½ సైకిళ్ళది 635, ఇప్పటి 700సీ ది 622. పేరులో 28 ఉందని రెండూ ఒకటే అనుకోవద్దు. రేసింగ్ చక్రాలకు జిగురుతో అంటించే గుండ్రటి టైర్లు వేరే రకం, వాటికి అసలు లీవరే పెట్టకూడదు.

ఆటోనగర్‌లో బైకు టైర్లు విప్పే దగ్గరికి సైకిల్ చక్రం తీసుకెళ్ళొద్దు. వాళ్ళ పనితనానికి వంక పెట్టక్కర్లేదు, కానీ అక్కడి ఇనుప రాడ్డుకు సన్నటి అలాయ్ అంచు ఆగదు. ఒక్కసారి అంచు నొక్కుకుపోయిందంటే తర్వాత ప్రతి ట్యూబునూ అదే కోస్తుంది. ఇంట్లో చెంచా కాడలు కూడా అంతే.

మళ్ళీ ఎక్కించేటప్పుడు వాల్వుకు ఎదుటి వైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించండి. ఆఖరి జానెడు బిగుసుకుంటే లీవరు తీయకముందు చుట్టూ తిరిగి అంచును మరోసారి గాడిలోకి తొయ్యండి. గాలి కొట్టే ముందు వాల్వును ఒకసారి లోపలికి నొక్కి వదలండి, దాని మొదలు అంచు కింద ఇరుక్కుని ఉంటే పైకి వచ్చేస్తుంది.